వేరులేని సొగసు

మూలవాక్యము: 1 పేతురు 3:3, 4
చదువవలసిన భాగములు: ఆమోసు 8:4–7; లూకా 7:36–50; యోహాను 15:1–8



సంఘపత్రికలో సవరమును గూర్చి వ్రాయుట ఏమని కొందరు ఆశ్చర్యపడుదురేమో. అయితే అపొస్తలుడైన పేతురు స్త్రీల జడలను గూర్చి వ్రాసెను. పౌలు కొరింథులోని సంఘమునకు తలవెంట్రుకలను గూర్చి ఒక అధ్యాయములో సగము వ్రాసెను. మన తలవెంట్రుకలన్నియు లెక్కింపబడి యున్నవని మన ప్రభువే సెలవిచ్చెను. పరలోకపు లెక్కలోనికి వచ్చిన వస్తువు పత్రికలో రెండు పుటలకు తగనంత అల్పమైనది కాదు.

ఈ మాట ఇప్పుడు ఎత్తుటకు కారణము కలదు. ఇటీవల మా స్త్రీల సమాజపు కూడికలలో ఈ సంగతి పలుమారు వచ్చినది. పెండ్లికని, క్రిస్మసు పండుగకని కొనిన సవరములు రెండు మూడు తలంట్లకే కొబ్బరిపీచువలె ఎండి, చిక్కులుపడి, దువ్వెనకు లొంగకున్నవి. కొందరు సంతలో కొనిరి. కొందరు ఫోనులో బొమ్మ చూచి తెప్పించుకొనిరి. పట్టణమునుండి వచ్చిన ఆడపిల్లలు వాటిని ఎక్స్‌టెన్షన్లు అందురు. పేరు మారినది గాని బాధ ఒక్కటే. ఒక పెద్దమ్మ లేచి ఇట్లనెను: "అయ్యగారూ, కొన్ననాడు పట్టుకుచ్చులా ఉంది. నెల తిరిగేసరికి పలుపుతాడైంది. ఇది ఇలా ఎందుకు అవుతుందో చెప్పండి. అసలు ఇది పెట్టుకోవడం తప్పా, కాదా? అదీ చెప్పండి."

ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు. రెండును న్యాయమైనవే. మొదటిదానికి మొదట జవాబు చెప్పుకొందము. ఏలయనగా దానిని తెలిసికొనినవారికి రెండవది సులువగును.

1. సవరము ఏల ఎండును?

తలమీద పెరుగు ప్రతి వెంట్రుకకును చర్మములో ఒక వేరు కలదు. రక్తము ఆ వేరును పోషించును. వేరు ప్రక్కనే చిన్న తైలగ్రంథి యుండి, దినదినము కొంచెము జిడ్డును విడుచుచుండును. ఆ జిడ్డు వెంట్రుక వెంబడి దిగి దానిని మెత్తగా ఉంచును. చర్మము వెలుపలికి వచ్చిన భాగములో ప్రాణము లేదు. అది గోరువలెనే కెరటిను అను పదార్థము. అందుచేతనే కత్తిరించినను నొప్పి తెలియదు. ప్రాణము లేకపోయినను, వేరును అంటియున్నంత కాలము దానికి పైనుండి తైలము అందుచునే యుండును. కత్తెర పడిన నాడే ఆ ధార ఆగిపోవును. కావున ఎంత మేలైన సవరమైనను, తనంతట తాను మెత్తగా నుండలేదు. దాని మెత్తదనమంతయు ఇకమీదట మరియొకరి చేతినుండి రావలసినదే.

ఇంకొక సంగతి. వెంట్రుకమీద కంటికి కనబడని సన్నని పొలుసులు కలవు. పెంకుటింటి కప్పుమీద పెంకులు ఒకదానిమీద ఒకటి ఎక్కి, పైనుండి క్రిందికి వాలియుండునట్లు, ఈ పొలుసులును వేరునుండి కొసవైపునకు వాలియుండును. ఒక వెంట్రుకను పట్టుకొని వేరునుండి కొసకు నిమిరిన నున్నగా నుండును. కొసనుండి వేరునకు నిమిరిన వ్రేలికి గరుకు తగులును. ఒకే తలనుండి ఒకే పిడికిలిగా కోసి, వేరువైపు అంతయు ఒకే తట్టున ఉంచి కట్టిన సవరములో ఈ పొలుసులన్నియు ఒకే దిక్కునకు చూచుచుండును. వర్తకులు దానిని రెమీ జుట్టు అందురు. శ్రద్ధగా వాడిన అది చాలకాలము నిలుచును. తలమీది వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును గనుక, మూరెడు జడ వెనుక నాలుగేండ్ల పెరుగుదల ఉన్నదని మరువకూడదు. దాని వెల హెచ్చుగా నుండుటలో వింత లేదు.

రెండవ రకము దువ్వెనకు వచ్చిన చిక్కుతో చేసినది. మనుష్యుల తలనుండి దినమునకు 50 మొదలు 100 వరకు వెంట్రుకలు రాలుట సహజము. మన తల్లులు ఆ చిక్కును ముద్దచేసి చూరులో దోపి దాచి, వీధిలో కేక వేయుచు వచ్చువానికి ఇచ్చి, స్టీలుగిన్నెయో పిన్నులో పుచ్చుకొందురు. ఆ ముద్దలు ఊరూర పోగై, కర్ణాటకలోని కొప్పళ చెంతనున్న భాగ్యనగర్ వంటి చోట్లకు చేరును. అక్కడ స్త్రీలు గంటలకొలది కూర్చుండి వాటిని చేతులతో విప్పుదురు. చిక్కు వీడును గాని, ఏది వేరుకొసయో ఏది చివరకొసయో తెలియదు. ఒక వెంట్రుక తూర్పునకును, దాని ప్రక్కది పడమరకును చూచును. ఎదురెదురు పొలుసులు ఒకదానినొకటి కొక్కెములవలె పట్టుకొనును. ఈ చిక్కును తప్పించుటకు కర్మాగారములలో వాటిని ఆమ్లములో ముంచి పొలుసులను ఊడదీయుదురు. తరువాత పైన సిలికాను పూత పూయుదురు. అంగడిలో మనము చూచి మురిసిన నిగనిగ ఆ పూతదే. కొన్ని తలంట్లకు పూత కరిగిపోవును. అప్పుడు క్రింద పొలుసులు లేవు, పైన జిడ్డు లేదు, మిగిలినది పీచు.

మూడవది అసలు వెంట్రుకయే కాదు. అది కర్మాగారములో తీసిన కృత్రిమ నూలు. చవుకగా దొరకును, తళతళలాడును. వేడి తగిలిన ముడుచుకొని కరగును. కొంతకాలము వాడగానే మెడయొద్ద రాపిడికి చివరలు రేగిపోవును.

పైపూతతో నిలుపు ఈ విద్య నేటిది కాదు. ఐగుప్తు సమాధులలో మనుష్యుల వెంట్రుకలతో అల్లిన సవరములు దొరికినవి. వారు వాటిని తేనెమైనముతో నిలిపిరి. మోషే పెరిగిన రాజగృహములో అట్టివి ధరించినవారు ఆయన కండ్లయెదుట తిరిగియుందురు.

2. అమ్మువారికి ఒక మాట

ఆమోసు ప్రవక్త కాలమున కొందరు వర్తకులు గోధుమలతో చెత్తధాన్యమును కలిపి బీదలకు అమ్మిరి. విశ్రాంతిదినము ఎప్పుడు గడచునా, అంగడి ఎప్పుడు తెరుతుమా అని వారు కాచుకొని యుండిరి. వారి క్రియలను ఎన్నటికిని మరువనని యెహోవా ప్రమాణము చేసెను. సవరములో చెత్త ఏదో ఇప్పుడు మనకు తెలిసినది.

తిరుమలలో యాత్రికులు సమర్పించిన తలనీలాలను దేవస్థానమువారు వేలమున అమ్ముదురు. అది ఒకే తలనుండి తీసిన జుట్టు గనుక, పొడుగైనదానికి మంచి ధర పలుకును. మన ఏలూరులోను వెంట్రుకలను శుభ్రపరచి, పొడుగునుబట్టి వేరుచేసి, విదేశములకు పంపు పని జరుగుచున్నది. 2022 జనవరిలో భారత ప్రభుత్వము ముడి వెంట్రుకల ఎగుమతికి ఆంక్ష పెట్టి, లైసెన్సు ఉండవలెనని విధించెను. దువ్వెనలోనుండి తీసిన ముద్దకు ఇంత విలువ యున్నది. అట్టి పనిలో మన సంఘస్థులుండిన, అది సిగ్గుపడవలసిన పని కాదు. అయితే చిక్కుజుట్టును చిక్కుజుట్టని చెప్పి, దాని వెలకే అమ్మవలెను. నూలును నూలని చెప్పవలెను. చిక్కుజుట్టును పట్టుకొని, గుడిలో తీసిన ఒకే తల జుట్టని చెప్పి అమ్మినవాడు తూనికరాయిని తగ్గించినవానితో సమానుడు. లేవీయకాండము 19వ అధ్యాయము త్రాసులను గూర్చి చెప్పినది అతనికిని చెందును. వీధిలో గిన్నెనిచ్చి ముద్దను పుచ్చుకొనువాడును, తనకు వచ్చు లాభములో ఆ తల్లికి న్యాయమైన పాలు అందినదా అని తన్నుతాను అడుగుకొనవలెను.

కొనువారును ఎరిగి కొనవలెను. సవరమునుండి రెండు పోచలు లాగి, దానికి దూరముగా, అగ్గిపుల్లతో కాల్చి చూడుడి. అసలు వెంట్రుకయైన ఈక కాలిన వాసన వచ్చి, వ్రేళ్లమధ్య నలుగు బూడిద యగును. నూలైన కరిగి, గట్టి పూస కట్టి, ప్లాస్టికు వాసన కొట్టును. తరువాత ఒక పోచను రెండు తట్టులకును నిమిరి చూడుడి. ఏ తట్టును గరుకు లేక జారుచుండిన, పూత దట్టముగా పూసిరని తలంచుడి. అప్పుచేసి కొనవలసిన వస్తువు ఇది కానేకాదు. కూలి డబ్బులో పిల్లల ఫీజును ఆపి నిగనిగను కొనిన, పూత పోయిన పిమ్మటను అప్పు నిలిచియుండును.

3. ఎండినదానిని ఏమి చేయవలెను?

కొనుట అయిపోయినది, అది ఎండినది. ఇప్పుడేమి? చేతిలోనున్న వస్తువును పాడుచేయుట భక్తి కాదు. అయిదువేలమంది తృప్తిగా తినిన పిమ్మట మిగిలిన ముక్కలను ప్రోగుచేయుమని ప్రభువు శిష్యులకు చెప్పెను. అనుభవము గల మన స్త్రీలు చెప్పినదియు, ఎరిగినవారివలన తెలిసికొనినదియు ఇక్కడ వ్రాయుచున్నాను.

తడుపక మునుపే చిక్కు తీయవలెను. తడిసిన వెంట్రుక ఉబ్బి బలహీనమై సులువుగా తెగును. సవరము ముడిని ఒక చేత గట్టిగా పట్టుకొని, పెద్దపండ్ల దువ్వెనతో కొసయొద్ద మొదలుపెట్టి, కొంచెము కొంచెముగా పైకి రావలెను. పైనుండి ఒక్కసారి లాగినవారు చిక్కునంతటిని క్రింద ఒక్కచోట బిగింతురు.

తరువాత ఒక చెంబు నీళ్లలో కొంచెము షాంపూ కలిపి, ఆ నీటిని పైనుండి క్రిందికి ఒకే దిక్కున పోయవలెను. గుడ్డ ఉదికినట్లు రుద్దరాదు, పిండరాదు. బట్టల సబ్బు తగులనీయకూడదు. కుంకుడురసము చిక్కగా నుండిన పొడితనమును ఇంకను పెంచును. పిమ్మట కండీషనరును పొడవంతటికి పట్టించి, కొన్ని నిమిషములుంచి కడుగవలెను. మెత్తని గుడ్డలో అద్ది, నీడలో వ్రేలాడదీయవలెను. ఎండలో కాదు, పొయ్యిదగ్గర కాదు. పూర్తిగా ఆరిన పిమ్మట రెండు మూడు చుక్కల కొబ్బరినూనె అరచేత రాచి కొసలకు అద్దవలెను. నూనె ఎక్కువైన దుమ్ము పట్టి మరల చిక్కుపడును. నూలు సవరమునకు నూనె ఇంకదు. ఇస్త్రీ, వేడిగాలి దానికి పనికిరావు. రేగిన చివరలను కత్తెరతో తీసివేయుటయే మంచిది. రాత్రి పరుండునప్పుడు సవరమును తీసి, వదులుగా అల్లి, నూలుగుడ్డలో చుట్టి పెట్టవలెను.

ఇంత చేసినను ఒక సత్యము చెప్పవలసి యున్నది. ఊడిపోయిన పొలుసును ఏ నూనెయు మరల మొలిపింపలేదు. ఈ సేవ కొంతకాలము మెత్తదనమునిచ్చును, అంతే. మొద్దుబారి ముడులుపడినదానిని పట్టుకొని పోరాడక విడిచిపెట్టుట మేలు. అన్నిటికంటె ముఖ్యము, సవరముకొరకు సొంత జుట్టును పోగొట్టుకొనరాదు. బరువైన సవరమును బిగించి కట్టి నిత్యము లాగుచుండిన నుదుటిమీదను, కణతలయొద్దను వెంట్రుకలు ఊడును. మొదట్లో వదులు చేసిన మరల వచ్చును. ఏండ్లకొలది లాగిన ఆ వేళ్లు చచ్చి మరల రావు. నొప్పి పుట్టించు జడ బిగువైన జడ. వేరులేనిదానిని నిలుపుటకు వేరుగలదానిని చంపుకొనుట ఎంత నష్టము!

4. పెట్టుకొనుట తప్పా?

పేతురు వ్రాసిన పత్రిక పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ దేశములలో చెదరియున్న విశ్వాసులకు వ్రాయబడినది. అవన్నియు రోమా ప్రభుత్వము క్రింద నుండినవి. ఆ కాలపు ధనికురాండ్ర జడలు సామాన్యమైనవి కావు. తలను అలంకరించుటకే దాసీలుండిరి. గంటలు గడచునట్లు అల్లి, చుట్టి, బంగారము దోపుదురు. తమ జుట్టు చాలనిచో పరుల జుట్టును చేర్చుకొందురు. యుద్ధములో చెరపట్టబడిన జర్మను స్త్రీల వెంట్రుకలు రోమాపట్టణములో సవరములైన సంగతి ఓవిదు అను కవి వ్రాతలలో కనబడును. కావున ఆ జడ కేవలము జడ కాదు. దాసీ శ్రమయు, చెరపట్టబడిన దాని కన్నీరును, ధనికురాలి హెచ్చును అందులో కలిసి అల్లబడినవి. అట్టివారును, కూలి చేసికొను దాసీలును ఒకే సంఘములో ఒకే రొట్టె విరువవలసి యుండెను. పేతురు మాట ఆ సందర్భములో వినవలెను.

మరియు ఆయన జడలతోపాటు వస్త్రములు ధరించుటను గూర్చియు అదే ఊపున చెప్పెను. వస్త్రము ధరించుట పాపమని ఎవరును ఆ వాక్యమునుండి బోధింపరు. అట్లయిన జడనుమాత్రము పాపమనుట ఏ న్యాయము? స్త్రీ అలంకారము పైపై వాటితో ముగియరాదనియు, లోపలి మనుష్యుని సాత్వికము దేవుని దృష్టికి మిక్కిలి విలువగలదనియు ఆయన తాత్పర్యము. ఏది మొదటిది, ఏది తరువాతిది అని ఆయన వరుస చెప్పుచున్నాడు.

సంఘపు పెద్దలలో కొందరు ఇంతకంటె కఠినముగా మాటలాడిరి. రెండవ శతాబ్దము ముగిసి మూడవది మొదలగు దినములలో కార్తేజులోని తెర్తుల్లియను సవరములను గట్టిగా ఖండించెను. అదే కాలమున అలెక్సంద్రియలో బోధించిన క్లెమెంతు ఒక చిత్రమైన ప్రశ్న వేసెను. సవరము ధరించినదాని తలమీద పెద్ద చేయి ఉంచినప్పుడు ఆ ఆశీర్వాదము ఎవరికి పోవును, ఆమెకా, ఆ వెంట్రుకలు పెరిగిన మరియొక తలకా అని.

వారి భక్తిని మనము గౌరవింతుము. ఆడంబరమును గూర్చి వారు పెట్టిన భయము మనకును అవసరమే. అయినను ఈ ప్రశ్నకు సువార్తలోనుండి జవాబు చెప్పవచ్చును. పౌలు శరీరమును తాకిన చేతిగుడ్డలు రోగులయొద్దకు పోయి స్వస్థత తెచ్చెనని అపొస్తలుల కార్యములు చెప్పుచున్నవి. రక్తస్రావము గల స్త్రీ ముట్టినది ప్రభువు వస్త్రపుచెంగు మాత్రమే. గుడ్డను దాటి పోగలిగిన దేవుని కృప మూరెడు సవరముయొద్ద ఆగిపోవునా? ఒకవేళ ఆ ఆశీర్వాదములో కొంత ఆ వెంట్రుకలు పెరిగిన తెలియని తల్లికి పోయిన, మనము దుఃఖపడవలెనా? ఆమె బీదయై అమ్ముకొనెనో, మ్రొక్కుబడిగా ఇచ్చెనో, దువ్వెనలో రాలినదానిని గిన్నెకిచ్చెనో మనమెరుగము. ఆ వెంట్రుకలను లెక్కించినవాడు ఆమెను ఎరుగును. సవరము కట్టుకొను సహోదరి ఆ తెలియని స్త్రీ నిమిత్తము ఒక చిన్న ప్రార్థన చేసిన, అది ఎంత యుక్తము!

కావున పెద్దమ్మకు నా జవాబు ఇది. సవరము పెట్టుకొనుట పాపమని చెప్పుటకు నాకు వాక్యము దొరకలేదు. గర్వముతో పెట్టుకొనుట పాపము. అప్పుచేసి పెట్టుకొనుట అవివేకము. అబద్ధమాడి అమ్ముట దొంగతనము. పెట్టుకొనినదానిని చూచి నవ్వుట ఈ మూడింటికంటె తక్కువది కాదు.

5. చూచువారికి ఒక మాట

ఈ కడపటి మాట ఊరక చెప్పలేదు. మా సంఘములో ఒక యౌవనస్త్రీకి టైఫాయిడు జ్వరము వచ్చి తగ్గెను. తగ్గిన రెండు మూడు నెలలకు ఆమె జుట్టు గుప్పెళ్లతో ఊడసాగెను. పెద్ద జ్వరములకును కాన్పులకును పిమ్మట ఇట్లు జరుగుట వైద్యులెరిగినదే. ఎక్కువమందికి కొన్ని నెలలలో మరల మొలచును. ఆ సంగతి ఆమెకు ఎవరును చెప్పలేదు. అత్తవారింట మాటలు పడలేక ఆమె చవుక సవరమొకటి కొని, బిగించి కట్టుకొని ఆరాధనకు వచ్చుచుండెను. ఒక ఆదివారము పాట పాడుటకు లేచినప్పుడు ఎండిన ఆ సవరము ప్రక్కదాని గాజులో చిక్కుకొని ఊడి వచ్చెను. స్త్రీల వరుసలో నవ్వు పుట్టెను; అది పురుషుల వైపునకును ప్రాకెను. తరువాత రెండు మారులు ప్రభువు బల్ల ఆచరింపబడెను; ఆమె రాలేదు.

ప్రియులారా, ఆమెను ప్రభువు బల్లకు దూరపరచినది ఏది? ఆ ఎండిన సవరమా? అది పోయిన పిమ్మటను ఆమెకు నోరున్నది, ప్రాణమున్నది, రక్షకుడున్నాడు. ఆమెను దూరపరచినది సంఘములో పుట్టిన నవ్వు. బంగారపు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి చోటిచ్చి, మురికిబట్టలవానిని నిలువబెట్టిన సమాజమును యాకోబు దుర్విమర్శ చేసినదని గద్దించెను. జుట్టు ఉన్నదానిని, లేనిదానిని వేరుగా చూచుటయు అట్టిదే.

సీమోను ఇంట జరిగినది జ్ఞాపకము చేసికొనుడి. పట్టణమంతయు వేలెత్తి చూపిన ఒక స్త్రీ ప్రభువు పాదములను కన్నీళ్లతో తడిపి, తలవెంట్రుకలతో తుడిచెను. ఇంటియజమానుడు లోలోపల ఆమెకు వెల కట్టుచుండెను. ప్రభువు ఆమె వైపు తిరిగి, సీమోనుతో మాటలాడెను. అందరు విడిచినదానిని ఆయన చూచుచునే ఉండెను. అట్టి ప్రభువు మన గుడిలో కూర్చుండియున్న ఆదివారము, జుట్టు పోయిన స్త్రీని చూచి మనము నవ్వుదుమా? జ్వరముచేతను, కాన్పుచేతను, క్యాన్సరు మందులచేతను జుట్టు పోగొట్టుకొనిన సహోదరీలు ప్రతి సంఘములోను ఉన్నారు. వారిలో కొందరికి సవరము సొగసు కాదు. నలుగురిలోనికి వచ్చుటకు ఊతకర్ర. ఊతకర్రను చూచి ఎవరు నవ్వుదురు?

సంఘస్త్రీలలో ఇద్దరు ఆమె యింటికి పోయి, ఒక సాయంకాలమంతయు ఆమెతో కూర్చుండి, ఆ సవరము చిక్కు తీసి, కడిగి, నూనె అద్ది, వదులుగా కట్టుట నేర్పిరి. వారు వాక్యము చెప్పలేదు. ఆ మరుసటి బల్లకు ఆమె వారి మధ్య కూర్చుండి వచ్చెను. ఆ సాయంకాలము వారు చేసినది నా ప్రసంగములకంటె మేలైన ప్రసంగము.

6. వేరును గూర్చి

తుదకు మన అందరి సంగతి. ద్రాక్షావల్లిలో నిలిచియుండని తీగ తనంతట తాను ఫలింపలేదని ప్రభువు శిష్యులకు చెప్పెను. కత్తిరించిన తీగ మొదటి దినమున పచ్చగానే కనబడును. కత్తిరించిన జుట్టును మొదటి దినమున నిగనిగలాడుచునే యుండును. తెగినదని కంటికి తెలియుటకు కొంతకాలము పట్టును. అపాయము అక్కడనే యున్నది.

భక్తికిని సిలికాను పూత కలదు. ఆదివారపు తెల్లబట్ట ఒక పూత. కంఠతా వచ్చిన ప్రార్థన ఒక పూత. తాతగారు మిషనువారి దినములలో సంఘపెద్దగా నుండెనని చెప్పుకొనుట మరియొక పూత. అంగడిలో అవన్నియు మెరయును. అయితే జీవితము మనలను తలంటును. పంట పోవును, బిడ్డ జ్వరపడును, అన్నదమ్ములు గట్టు తగవుకు దిగుదురు. ఒక తలంటు, రెండు తలంట్లు, పూత కరుగును. అప్పుడు మన మాట పీచువలె గరుకగును. మన ఇంటివారే మనలను తాకుటకు వెనుకాడుదురు. చిన్న మాటకే ఒకరితోనొకరు చిక్కుపడుదుము. ఏలయనగా ఒకడు తూర్పునకును ఒకడు పడమరకును తిరిగియున్నాడు. అందరు ఒకే వేరునుండి ఒకే దిక్కునకు తిరిగియుండిన ఆ చిక్కు రాదు.

సవరమునకు మరల వేరు పెట్టగల మనుష్యుడు లేడు. ఎంత శ్రద్ధ చేసినను దానిది మిగిలిన కాలమే. తెగిపోయిన మనుష్యునికి అట్లు కాదు. విరిచివేయబడిన కొమ్మలను మరల అంటుకట్టుటకు దేవుడు శక్తిగలవాడని పౌలు రోమా పత్రిక 11వ అధ్యాయములో చెప్పుచున్నాడు. ఎండిన సవరమునకు లేని నిరీక్షణ ఎండిన విశ్వాసికి కలదు. తిరిగి అంటుకొనినవానికి తైలము లోపలినుండి వచ్చును. అది దినదినము కొంచెమే వచ్చును, ఎవరికిని కనబడదు, అయినను కొసవరకు దిగును.

ఈ నెలలో మూడు పనులు చేయుదము. సవరము కట్టుకొను సహోదరీలు దానిని వదులుగా కట్టుకొని, అద్దముయొద్ద నిలిచినంత సేపైనను వాక్యముయొద్ద కూర్చుండుదురు గాక. వర్తకము చేయు సహోదరులు తమ మాటను, తమ త్రాసును ఒకసారి సరిచూచుకొందురు గాక. మనమందరము, నవ్వులవలన గుడికి రాక ఇంట నిలిచినవారు ఎవరో తలంచుకొని, వారి గుమ్మము తట్టుదము.

ప్రార్థన: మా తలవెంట్రుకలను లెక్కించిన తండ్రీ, పైపూతను నమ్ముకొని తెగిపోయిన మమ్మును నీ కుమారునియందు మరల అంటుకట్టుము. మా మాటలలోని గరుకును తీసివేయుము. జుట్టు కోల్పోయి సిగ్గుపడుచున్న నీ కుమార్తెలను మా మధ్యకు తెమ్ము. వారు వచ్చినప్పుడు మా పెదవులను కాపాడుము. ఎవరి తలనుండి ఈ వెంట్రుకలు వచ్చెనో ఆ తెలియని తల్లులను నీ చేతితో దీవించుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.